ఎవరూ కొనని టోపీలు

తొమ్మిదో అధ్యాయం

"పన్నెండు మెట్లు," అన్నాడు సార్జెంట్ కర్ట్ మోల్‌స్టాడ్. "పైనుంచి మూడో మెట్టు మీద కాలు జారింది. టోపీల పెట్టె చేతుల్లోనే ఉంది. మెడ విరిగింది. నొప్పి తెలిసే ఉండదు. ఇంకేం కావాలి నీకు?"

ఆర్డిస్ క్వామ్ నేలమాళిగ మెట్లు ఒక్కొక్కటిగా దిగుతోంది. ఎడమ మోకాలు ప్రతి మెట్టుకీ ఎదురు తిరుగుతోంది. ఆ మోకాలే ఆమెను పోలీసు ఉద్యోగం నుంచి బయటికి పంపింది. పక్క కౌంటీలో పంతొమ్మిదేళ్లు డిటెక్టివ్‌గా పనిచేసిన మనిషి ఇప్పుడు రాష్ట్ర ఎన్నికల నిధుల కార్యాలయంలో తనిఖీ అధికారి. తుపాకీ లేదు. అరెస్టు చేసే అధికారం లేదు. ఉన్నవల్లా మెడలో ఒక గుర్తింపు కార్డు, చంకలో ఒక ఫైలు.

శుక్రవారం, పదకొండూ అయిదు. హెరన్ కౌంటీ షెరిఫ్ పదవికి పోటీ చేస్తున్న రాయిస్ డాలెన్‌కి నార్బీ ఊళ్లో ఉన్న ప్రచార కార్యాలయం అది. డాలెన్ ఇప్పుడు అండర్‌షెరిఫ్, కౌంటీ పోలీసుల్లో షెరిఫ్ తరవాతి స్థానం. అంటే మోల్‌స్టాడ్‌కి పై అధికారి. ఆ కార్యాలయానికి కోశాధికారిగా జీతం లేకుండా పనిచేసిన లియోటా బ్రాండ్‌వోల్డ్ అనే డెబ్బై రెండేళ్ల మనిషి బుధవారం సాయంత్రం ఈ మెట్ల కింద శవమై కనిపించింది.

"ఎవరు చూశారు మొదట?" అడిగింది ఆర్డిస్.

"నేనే. అయిదూ యాభైకి. అటుగా వెళ్తున్నా, తలుపు తెరిచి ఉంది."

"అంతకుముందు ఎప్పుడైనా ఈ ఆఫీసుకి వచ్చావా?"

"నాకేం పని ఇక్కడ? డ్యూటీలో ఉన్నవాణ్ణి ప్రచారం జోలికి వెళ్లకూడదని నాకు తెలీదా? నువ్వు చందాల లెక్కలు చూసుకునే మనిషివి ఆర్డిస్. శవాలతో నీకేంటి పని?"

"చనిపోయింది నా ఫిర్యాదుదారు."

"ఫిర్యాదు అందిందా? ఏదీ, కాగితం చూపించు."

ఆర్డిస్ దగ్గర కాగితం లేదు.

సోమవారం పదీ నలభైకి లియోటా ఫోన్ చేసింది. ఆ గొంతు ఆర్డిస్ చెవుల్లో ఇంకా అలాగే ఉంది. "అమ్మాయ్, ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లో పోస్టాఫీసు నడిపాను. కట్టర్ రోడ్డులో రెండువందల నాలుగో నంబరు ఇల్లు లేదు. అక్కడ చెరువుంది. మా చందాల లిస్టులో ఆ చిరునామాకి తొమ్మిది ప్రచారం టోపీలు అమ్మినట్టుంది. చేపలు కొనుక్కున్నాయంటావా?"

ఆర్డిస్ నవ్వింది. నవ్వి, రోజూ చెప్పేదే చెప్పింది. "రాసి, సంతకం చేసి పోస్టులో పంపండి. ఫిర్యాదు రాతలో ఉండాలి. నేను శుక్రవారం వస్తాను."

"శుక్రవారం దాకా ఆగాలా?"

"రూలు అదండీ."

"సరేలే," అంది లియోటా. "పోస్టు మీద నాకు నమ్మకమే."

ఆ ఉత్తరం రాలేదు.

"కాగితం లేదన్నమాట," అన్నాడు మోల్‌స్టాడ్. "అయితే ఫిర్యాదుదారు కూడా లేదు."

"మరి చనిపోయిన మనిషి గురువారం పొద్దున తొమ్మిదీ పన్నెండుకి మా సైట్‌లో చందాల రిపోర్టు ఎలా వేసింది కర్ట్? ఆమె పేరు, ఆమె పాస్‌వర్డ్."

"ముందే తయారుచేసి టైం పెట్టుంటుంది."

"మా సైట్‌లో అలా కుదరదు."

"అయితే మీ సైట్ బాగుచేయించుకోండి." చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంకో అయిదు నిమిషాలు. ఫోటోలు తీయకూడదు. ఏదీ ముట్టుకోకూడదు."

నేలమాళిగలో గోడ పక్కన ఆరు అట్టపెట్టెలున్నాయి. ఒక్కో పెట్టెలో ముప్పై ఆరు టోపీలు. గచ్చు మీద దుమ్ము సమంగా పరుచుకుని ఉంది. పెట్టెలు ఇంతకన్నా ఎక్కువ పేర్చి, తరవాత తీసేసిన జాడ ఎక్కడా లేదు. మెట్ల కింద ఏడో పెట్టె విడిగా పడి ఉంది. లియోటా చేతుల్లో ఉందని పోలీసు రిపోర్టులో రాసింది దీన్నే.

"ఇది అప్పటినుంచి ఇలాగే ఉందా?"

"ఎవరూ కదపలేదు."

ఆర్డిస్ మోకాలు పట్టుకుని ఆఖరి మెట్టు మీద కూలబడింది. అది నటన కాదు. లేవడానికి ఆసరాగా పెట్టె అంచు పట్టుకునేసరికి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. అడుగున తెల్లటి చీటీ, నీలం సిరాతో గుండ్రటి రాత. మువా ప్రింటింగ్. ఆర్డరు నంబరు. దాని కింద: తీసుకెళ్లినది గురువారం, 10:30.

బుధవారం చనిపోయిన మనిషి చేతుల్లో గురువారం షాపు నుంచి బయటికొచ్చిన పెట్టె.

"ముట్టుకోవద్దన్నానా!" మోల్‌స్టాడ్ రెండు మెట్లు దిగాడు.

"పడిపోతుంటే ఏం పట్టుకోమంటావ్, నీ చెయ్యా?" పెట్టెను మెల్లగా యథాస్థానంలో దించింది ఆర్డిస్. చీటీ మళ్లీ అడుగుకి వెళ్లిపోయింది. పోలీసుగా ఉన్న రోజుల్లో అయితే ఈ గది తలుపుకి ఇప్పుడే సీలు పడేది. ఇప్పుడు చేయగలిగింది పైకెక్కి, థ్యాంక్స్ చెప్పి, కారెక్కడం.

*

మువా ప్రింటింగ్ హైవే పక్కన, టైర్ల దుకాణం వెనక ఉంది. పన్నెండున్నర. కేయింగ్ మువా బల్ల చివర కూర్చుని వెదురు గంపలోంచి ముద్ద అన్నం తుంచుకుంటూ ఉడికించిన కోడికూరతో తింటోంది. నలభై అయిదేళ్లుంటాయి. మెడలో కొలత టేపు. గుర్తింపు కార్డు చూడగానే గంప మూత పెట్టేసింది.

"డాలెన్ టోపీలు మీరే చేశారా?"

"అందరివీ చేస్తాను మేడమ్. అటు పార్టీ, ఇటు పార్టీ, చర్చి పిల్లలవి, బౌలింగ్ టీమువి. టోపీ మీద ఏముందో నేను చదవను. కుడతాను."

"ఆయనవి ఎన్ని కుట్టారు?"

"పుస్తకం చూడాలి."

"చూడండి."

కేయింగ్ కదల్లేదు. ఆర్డిస్ ఫైలు తెరిచి బల్ల మీద పెట్టింది. "ప్రచారం కోసం అమ్మిన టోపీ మామూలు సరుకు కాదమ్మా. అది చందా. నలభై అయిదు డాలర్లకి టోపీ కొంటే మొత్తం నలభై అయిదూ చందా కిందే లెక్క. కొన్నవాళ్ల పేరు, చిరునామా, చేసే పని అన్నీ రాసి మాకు చూపించాలి. ఒక్క మనిషి ఇంతకు మించి ఇవ్వకూడదని హద్దుంది. కంపెనీలు అసలే ఇవ్వకూడదు. ఇప్పుడు ఎవరైనా హద్దు దాటి ఇవ్వాలనుకుంటే ఏం చేస్తారు? ఆ సొమ్మును టోపీలుగా ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కకీ ఒక పేరు అంటిస్తారు. ఈ రిపోర్టులో రెండువేల ఆరువందల పద్దెనిమిది టోపీలు అమ్మినట్టుంది."

"రెండువేలా!" కేయింగ్ నోటినుంచి నవ్వు దానంతటదే వచ్చేసింది. "మేడమ్, ఈ ఊళ్లో అన్ని తలకాయలు లేవు." అని, వెంటనే అరచేత్తో నోరు మూసుకుంది.

ఆర్డిస్ ఫైలు మూసి ఆగింది.

"అటు రండి," అంది చివరికి కేయింగ్.

వెనక గదిలో ఆరు సూదుల తలలున్న ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. కేయింగ్ తెర మీద రెండుసార్లు వేలు పెట్టింది. డాలెన్ పేరుతో ఉన్న డిజైను వచ్చింది. పక్కన ఒక సంఖ్య. నాలుగువందల పన్నెండు.

"పాడైనవాటితో కలిపి," అంది. "ఈ డిజైను ఎన్నిసార్లు కుట్టిందో మిషన్ లెక్కపెడుతుంది. దాన్ని నేను మార్చలేను. కంపెనీ మనిషి వచ్చి మొత్తం తుడిచేస్తే తప్ప పోదు."

ఆర్డిస్ ఆఫీసు ఫోనుతో ఆ తెర ఫోటో తీసింది. తరవాత నెమ్మదిగా అడిగింది. "లియోటా ఇక్కడికి వచ్చిందా?"

కేయింగ్ మెడలోని టేపుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"బుధవారం. మూడూ పదికి. ఆర్డరు పుస్తకం కాపీలు కావాలంది. ఇచ్చాను. ఆవిడంటే నాకు... మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మా అమ్మకి ఇంగ్లీషు రాదు. పోస్టాఫీసుకి వెళ్తే మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు. ఆవిడ ఒక్కతే ఫారాలు నింపిపెట్టేది. మూడున్నరకి వెళ్లిపోయింది. వెళ్తూ కూడా నవ్వుతూనే ఉంది. 'చేపల సంగతి తేలిపోయింది' అంది. నాకర్థం కాలేదు."

"తరవాత?"

"తరవాత నేనొక వెధవపని చేశాను మేడమ్."

"చెప్పమ్మా."

"ప్రచారం ఆఫీసుకి ఫోన్ చేశాను. కాపీలకి బిల్లు ఎవరి పేరున వెయ్యాలని. అంతే. రెండు డాలర్ల బిల్లు. మగమనిషి ఎత్తాడు. 'ఏం కాపీలు?' అన్నాడు. చెప్పాను. 'సరే, నేను చూసుకుంటాను' అన్నాడు."

"ఎవరు?"

"ప్రతిసారీ పెట్టెలు తీసుకెళ్లేది ఆయనే. గొంతు గుర్తుపట్టనా? మోల్‌స్టాడ్."

"టైం ఎంత?"

"మూడూ ముప్పై అయిదు. నా ఫోన్లో ఉంది."

తలుపు తెరిచి ఉంటే అయిదూ యాభైకి మొదటిసారి లోపలికి వెళ్లానన్న మనిషి, మూడూ ముప్పై అయిదుకే ఆ ఆఫీసు ఫోను దగ్గర ఉన్నాడు.

"గురువారం పదిన్నరకి పెట్టె తీసుకెళ్లింది కూడా ఆయనేనా?"

"ఆయనే. యూనిఫాంలోనే వచ్చాడు. ఒక్క పెట్టె చాలన్నాడు." కేయింగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆవిడ పోయిందని నాకు సాయంత్రం తెలిసింది. నా ఫోన్ వల్లే కదా? నిజం చెప్పండి. నా ఫోన్ వల్లే కదా?"

సోమవారం లియోటాతో అన్న మాటే ఆర్డిస్ నోటికి మళ్లీ వచ్చింది. "ఇదంతా రాసి సంతకం పెడతారా?"

"సంతకమా? సంతకం పెట్టి ఎక్కడ ఇవ్వాలి మేడమ్? ఈ కౌంటీలో పోలీసంటే ఆయనే. పన్నెండు రోజుల్లో ఎన్నిక. ఆయన బాసు గెలుస్తాడు. మీరు రాత్రికి మీ ఊరెళ్లి పడుకుంటారు. నేను రేపు మళ్లీ ఈ షట్టర్ ఎత్తాలి."

"ఆర్డరు పుస్తకం ఇవ్వండి. రసీదు రాసిస్తాను. అది అడిగే హక్కు నాకుంది."

కేయింగ్ చాలాసేపు ఆలోచించి పుస్తకం ఇచ్చింది. ఆర్డిస్ తన కార్డు వెనక సొంత ఫోను నంబరు రాసి ఆమె చేతిలో పెట్టింది. "ఏ టైమైనా సరే, దీనికి చెయ్యండి."

"మీరు వస్తారా?"

"వస్తాను," అంది ఆర్డిస్.

*

ఒకటీ నలభైకి ఆఫీసు ఫోను మోగింది. కారు ఇంకా టైర్ల దుకాణం ముందే ఉంది. ఆమె కార్యాలయం డైరెక్టర్ ఓడెగార్డ్.

"ఎక్కడున్నావ్ ఆర్డిస్?"

"నార్బీలోనే. సార్, నాకు దొరికింది వింటే..."

"ఆగు, ఏమీ చెప్పకు. నువ్వు చెబితే నేను వినాల్సొస్తుంది." ఆయన గొంతులో అలసట ఉంది. "గురువారం వచ్చిన డాలెన్ రిపోర్టు నువ్వు చివరిదాకా చదివావా?"

"లేదు. నూట నలభై పేజీలు. చిరునామాలు చూస్తూ ఉన్నాను."

"నూట ముప్పై ఎనిమిదో పేజీ. ఆర్డిస్ క్వామ్, ఒక టోపీ, నలభై అయిదు డాలర్లు. ఉద్యోగం, రాష్ట్ర ఎన్నికల నిధుల కార్యాలయం. నీ ఇంటి చిరునామా, ఫ్లాటు నంబరుతో సహా."

ఆర్డిస్ ఆ ఫ్లాటులోకి మారి మూడు వారాలే అయింది. చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"నేను కొనలేదు."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

"అభ్యర్థికి చందా ఇచ్చిన ఉద్యోగి ఆ అభ్యర్థి ఫైలు ముట్టుకోకూడదు. ఆ రూలు రాసింది మనమే. డాలెన్ లాయరు పావుగంట క్రితం ఫోన్ చేశాడు. పత్రికలకి కూడా చెప్పాడట. నువ్వు కొనలేదని రాసి, సంతకం చేసి, పోస్టులో పంపు. ముప్పై రోజుల్లో తేలుస్తాం."

"ఎన్నిక పన్నెండు రోజుల్లో సార్."

"క్యాలెండరు నా బల్ల మీద కూడా ఉంది."

"ఒక మనిషిని చంపారు."

ఓడెగార్డ్ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. "అలాంటివి చూడ్డానికి అక్కడ షెరిఫ్ కార్యాలయం ఉంది. వెనక్కి వచ్చెయ్. ఈ నిమిషం నుంచి నీ ఆఫీసు ఫోను పనిచెయ్యదు, ఆ ఫైలు నీది కాదు. క్షమించు."

లైను తెగింది. తెర నల్లబడి, ప్రవేశం రద్దయిందనే ఒక్క వాక్యం తేలింది. మిషన్ లెక్క ఫోటో ఆ ఫోనులోనే ఉంది.

అద్దం మీద ఎవరో వేళ్లతో తట్టారు. మోల్‌స్టాడ్. చేతిలో కాగితం.

"జడ్జి సంతకం," అన్నాడు అద్దం దించగానే. "లియోటా బ్రాండ్‌వోల్డ్ మరణం మీద విచారణ మళ్లీ తెరిచాను. పొద్దున నువ్వంత అనుమానపడ్డావు కదా, నాకూ నిద్ర పట్టేట్టు లేదనిపించింది. మువా షాపు ఆర్డరు పుస్తకం పట్టుకుని నువ్వు బయటికి రావడం మావాడు చూశాడు. అది సాక్ష్యం. ఇటివ్వు."

"నీ బీరువాలో పెట్టడానికా?"

"సాక్ష్యాల బీరువాలో. రసీదిస్తాను. నీకు రసీదులంటే ఇష్టం కదా."

ఆర్డిస్ కాగితం చదివింది. ఎక్కడా లొసుగు లేదు. ఇరవై ఏళ్ల క్రితం తనే ఇలాంటి కాగితాలతో ఎంతమంది కారు అద్దాలు తట్టిందో. పుస్తకం కిటికీలోంచి అందించింది.

"పాపం ఆర్డిస్," అన్నాడు. "మంచి డిటెక్టివ్‌వి. ఒక్క టోపీతో పోయింది."

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. "పుస్తకం నువ్వు తగలబెట్టుకో కర్ట్. కాగితం కాలుతుంది. మిషన్ లెక్క కాలదు."

మోల్‌స్టాడ్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఆగిపోయాయి.

"ఏ మిషన్?" అన్నాడు.

ఆర్డిస్ పెదవి కొరుక్కుంది. పంతొమ్మిదేళ్లు నిందితుల నోళ్లలోంచి ఇలాంటి మాటలే లాగిన మనిషి. ఇప్పుడు తన నోట్లోంచి తనే జారవిడిచింది.

"ఏదో అన్నాన్లే. కోపంలో."

"అవునవును. కోపంలో ఎన్నో అంటాం." రసీదు చింపి ఆమె ఒళ్లో వేశాడు. "దారిలో జాగ్రత్త. కౌంటీ పొలిమేర దాకా మావాడు నీ వెనకే వస్తాడు. మర్యాద కోసం."

అతడు తన కారెక్కి ఊళ్లోకి మళ్లాడు. ఆర్డిస్ షాపువైపు నడుద్దామని తలుపు తీసేలోపే ఇంకో షెరిఫ్ కారు వచ్చి ఆమె కారు వెనక ఆగింది. అందులోని మనిషి హైవే వైపు చెయ్యి చూపించాడు.

*

రెండూ పది నుంచి రెండూ ఇరవై అయిదు దాకా ఆర్డిస్ కేయింగ్ షాపు నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. అద్దంలో షెరిఫ్ కారు అదే దూరంలో వస్తోంది. ఆమె వేగం తగ్గిస్తే అదీ తగ్గుతోంది. పెట్రోలు బంకులోకి తిప్పితే అదీ తిరిగింది. ఆమె దిగలేదు. మళ్లీ రోడ్డెక్కింది.

సొంత ఫోను మోగింది.

"మేడమ్." కేయింగ్ గొంతు గుసగుసలా ఉంది. వెనక షట్టర్ కిందికి దిగుతున్న చప్పుడు. "ఆయన వచ్చాడు. కస్టమర్లని పంపేశాడు. మిషన్ ఎక్కడుందని అడుగుతున్నాడు."

"చూపించండి. ఏం కావాలంటే అది తీసుకోనివ్వండి. వెనక తలుపు ఉందా?"

"ఉంది. దాని బయట ఇంకొకడున్నాడు." ఊపిరి. "మీరు వస్తానన్నారు."

"వస్తున్నాను. ఫోన్ పెట్టెయ్యొద్దు. కేయింగ్? కేయింగ్!"

ఏదో బరువైనది గచ్చు మీద పడింది. తరవాత లైనులో ఏమీ లేదు.

ఆర్డిస్ స్టీరింగు ఒక్కసారిగా తిప్పింది. షాపు ఇరవై ఎనిమిది మైళ్ల వెనక ఉంది. ఎదురుగా షెరిఫ్ కారు అడ్డం తిరిగి దారి మూసేసింది. పైన ఎర్రదీపం, నీలందీపం మారిమారి వెలిగాయి. అందులోంచి దిగినవాడు తొందరేమీ లేనట్టు టోపీ సర్దుకుంటూ నడిచి వస్తున్నాడు.

ఆమె తలుపులకి గడియ వేసి అత్యవసర నంబరు 911 నొక్కింది. ఇది తప్ప ఇంకేమీ మిగల్లేదు. రాష్ట్ర పోలీసుల ఠాణా యాభై మైళ్ల దూరం. ఒక్కసారి మోగగానే ఎత్తారు.

"హెరన్ కౌంటీ షెరిఫ్ కార్యాలయం. చెప్పండి, ఏం జరిగింది?" ఆడగొంతు. మర్యాదైన గొంతు.

"మువా ప్రింటింగ్. హైవే పక్కన, టైర్ల దుకాణం వెనక. లోపల ఒక మనిషి ప్రాణాపాయంలో ఉంది. దయచేసి ఎవరినైనా పంపండి. ఎవరినైనా."

కీబోర్డు మీద టకటకలు. అవతలి మనిషి ఆమెకి ధైర్యం చెబుతున్నట్టుగా అంది:

"కంగారు పడకండి మేడమ్. ఆ చిరునామాలో మావాళ్లు ఇప్పటికే ఉన్నారు. సార్జెంట్ మోల్‌స్టాడ్ అయిదు నిమిషాల క్రితమే చెప్పారు. అక్కడ ఎవరో ఆడమనిషి మెట్ల మీంచి పడిపోయిందట."

ఆ షాపులో ఒక్క మెట్టు కూడా లేదు.